గుమ్మానికి వేలాడుతున్న సబర్

మొన్న జుమా రోజు మా ఖాలా వచ్చింది. వాకిట్లో యుఫోర్బియా తొట్టి చూసి అక్కడే ఆగిపోయింది. ఒళ్లంతా ముళ్లు, కొసన ఎర్రటి పూలు. "ముళ్ల చెట్టు ఇంట్లో పెడితే నహూసత్ బేటా, బర్కత్ పోతుంది, తీసెయ్" అంది. పెద్దవాళ్లకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. ఆ రోజు మాత్రం చెప్పాను.

చెట్టులో నహూసత్ ఉందనేది మన అఖీదా కాదు. శకునాలు నమ్మొద్దని చిన్నప్పుడే నేర్పారు కదా! తమాషా ఏమిటంటే, ముళ్ల మొక్కకు భయపడే ఇంట్లోనే నజర్ తగలకుండా గుమ్మానికి కలబంద తలకిందులుగా వేలాడుతుంటుంది. ఒక మొక్క ముంచుతుందట, ఇంకోటి కాపాడుతుందట! రెండూ అల్లాహ్ మఖ్లూఖే. రెండింటికీ కావలసింది మట్టి.

మాది అనంతపురం. ఏడాదంతా కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఎండాకాలం ట్యాంకర్ వస్తే మొహల్లా మొత్తం బిందెలతో పరుగే. అలాంటి చోట గులాబీలకు పొద్దునా సాయంత్రం బకెట్ల నీళ్లు పోయడాన్ని నేను ఇస్రాఫ్ అనే అంటాను. అమ్మీ కూడా గులాబీలే పెంచేది. మే నెలలో అవి మాడిపోతుంటే చూడలేకపోయేది. పూల శౌఖ్‌లో తప్పు లేదు, మన నేలకు సరిపోని మొక్కను తేవడంలోనే తప్పు.

ఇప్పుడు మా మిద్దె మీద అడీనియం పూస్తోంది. ఎడారి గులాబీ అంటారు. అరబ్ నేల, తూర్పు ఆఫ్రికా దాని వతన్. లావుగా ఉబ్బిన మొదట్లో నీళ్లు దాచుకుంటుంది. సగం ముతక ఇసుక, సగం ఎర్రమట్టి, గుప్పెడు చివికిన పేడ, అడుగున రంధ్రం ఉన్న తొట్టి, పూర్తి ఎండ. మట్టి లోపలి దాకా ఆరాకే మళ్లీ నీళ్లు. చలికాలంలో ఆకులు రాలిస్తే చచ్చిందని కంగారుపడొద్దు, అది ఆరామ్ చేస్తోంది. నా మొదటి మొక్కను నేనే ముహబ్బత్‌తో చంపాను. రోజూ నీళ్లు పోశాను, మొదలు మెత్తబడి కుళ్లింది. దీని పాలు మాత్రం విషం, ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు. పిల్లలు, మేకలు ఉన్న ఇళ్లలో అందకుండా పెట్టాలి. ఖాలాతో అదే అన్నాను: భయపడాలంటే దీనికి భయపడు, దీనికి ఒక్క ముల్లూ లేదు.

అంత ఖర్చు ఎందుకనుకుంటే గడ్డిగులాబీ ఉంది. మనం పప్పులో వేసుకునే కుల్ఫా, అదే గంగపాయల కూర, దాని చుట్టమే. కొమ్మ తుంచి గుచ్చితే చాలు, ఎండెక్కాక పూలు విచ్చుకుంటాయి.

కలబందను అరబీలో రాసే సాద్, బే, రే అక్షరాలతోనే సబర్ అనే మాటా రాస్తారు. పగటి ఎండకు ఆకు రంధ్రాలు మూసుకుని, తహజ్జుద్ వేళకు తెరిచి గాలి పీల్చుకుంటుంది. నేలలో ఉంచితే పొడుగాటి కాడకు పసుపు పూలు వేస్తుంది. గుమ్మానికి కడితే నెలల తరబడి చస్తూ ఉంటుంది, అంతే.

మా ఇంట్లో వుజూ నీళ్లు ఒక టబ్బులో పడతాయి. సబ్బు ఉండదు కాబట్టి మొక్కలకు ఏ ఇబ్బందీ లేదు. వారానికోసారి వాటికి అదే చాలు.

ఖాలా ఒప్పుకోలేదు. పోతూ పోతూ మాత్రం గడ్డిగులాబీ కొమ్మలు నాలుగు తుంచి కొంగులో కట్టుకుంది. ఆమె గుమ్మం మీది కలబంద సంగతి బక్రీద్‌కు వెళ్లినప్పుడు చూస్తాను, ఇన్షా అల్లాహ్.