కారు బ్యాటరీని కనిపెట్టి యుండుట



క్రిందటి మాసమున ఊరగాయ జాడీలను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసము చెప్పబోవు పాత్రయు పులుపుతో నిండినదే. చూచువారు లేనిచో చెడునదే. అది కారు బ్యాటరీ. ‘ఇది పురుషుల పని గదా’ యని పుట త్రిప్పబోకుడు. మొన్నటి మాఘమాసమున మా యింట జరిగినది విని, పిమ్మట మీ యిష్టము.

మేము జనగామలో నుందుము. మావారి బడి యింటికి కూతవేటు దూరమే కావున మా చిన్నకారు పక్షము దినములైనను వాకిట కదలక నిలిచియుండును. ఒకనాటి నడిరేయి మా అత్తగారికి ఆయాసము హెచ్చి ఊపిరాడదయ్యెను. ఆమెను కారులో కూర్చుండబెట్టి మావారు తాళపుచెవి త్రిప్పిరి. టక్కు టక్కు మని చప్పుడే గాని యింజను కదలలేదు. దీపములును మినుకుమని యారినవి. పోతనగారి బమ్మెర మా జిల్లాలోనిదే గదా. ఆయన గజేంద్రుని మొఱ విన్నవాడు వైకుంఠమునుండి వచ్చెను, మా మొఱ విన్నవాడు పొరుగింటి ఆటో అబ్బాయి. అత్తగారు ఆసుపత్రి చేరి కోలుకొనిరి. ఆ అరగంట మాత్రము నేను మరువజాలను.

మరునాడు మెకానిక్కు వచ్చి బ్యాటరీ మూతలు విప్పి, ‘ఇందులో ఏ నీరు పోసితిరమ్మా?’ యని యడిగెను. క్రిందటి వేసవిలో నీరు తగ్గినదని బోరునీరు పోసినదానను నేనే. వంటపాత్రలకు తెల్లని పొర కట్టించు ఆ నీటిలోని లవణములు బ్యాటరీ పలకలను పాడుచేయునట. డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను, అదియు గీత వరకే. ఆసిడ్ ఎన్నడును పోయరాదు. మూతలు లేని బ్యాటరీలలో పోయు పనియే లేదు.

దీనిలో ఆరు గదులు. గదిగదికి సీసపు పలకలు, నీటితో కలిపిన గంధకామ్లము. 1859లో ప్లాంటే అను ఫ్రెంచి పండితుడు కల్పించిన పద్ధతియే నేటికిని నడచుచున్నది. బండి నిలిచియున్నను గడియారము, అలారము మొదలగునవి కరెంటును కొంచెము కొంచెముగా త్రాగుచునే యుండును. అట్లు వట్టిపోయిన బ్యాటరీని విడిచిపెట్టినచో పలకలపై సీసపు లవణము గట్టిపడును. పిదప ఎంత ఛార్జి చేసినను పూర్వపు బలము రాదు.

దీనిని ముందే కనుగొనుటకు మల్టీమీటరు చాలును. ఎలక్ట్రికల్ దుకాణములో కొన్ని వందల రూపాయలకు దొరకును. ముల్లును డి.సి. 20 వోల్టుల గుర్తుకు త్రిప్పి, ఎర్రతీగను బ్యాటరీ ప్లస్ గుర్తుకు, నల్లతీగను మైనస్ గుర్తుకు ఆనింపవలెను. రాత్రియంతయు బండి నిలిచిన పిమ్మట ఉదయమున చూచుట మేలు. 12.6 వోల్టులు వచ్చిన నిండుగా నున్నది; 12.4 ముప్పాతిక, 12.2 సగము. పండ్రెండు వోల్టుల బ్యాటరీ పండ్రెండు చూపిన చాలదా యని మావారు వాదించిరి. లెక్కల పంతులే గాని, 12.0 అనగా పాతికవంతే మిగిలినదని నేను చెప్పవలసి వచ్చెను! ఇంజను నడచునప్పుడు సాధారణముగా 13.8 మొదలు 14.5 వరకు చూపవలెను. అంత రానిచో ఆల్టర్నేటరునో బెల్టునో చూపించుకొనుడు.

నాటినుండి చుట్టముల నెల్ల ఫోనులో బ్యాటరీ కుశలమడుగుట నాకు వ్యసనమైనది. మహబూబాబాదులోని మా చెల్లెలు ‘నేను దినదినము నడుపుదును, నాకేమి భయము’ అనెను. నడుపునది బడివరకు రెండు కిలోమీటర్లు! బండి లేపుటకు వ్యయమైన శక్తి ఆ కొద్ది దూరములో తిరిగి చేరదు. వారమున కొకమారైనను అరగంటకు పైగా రోడ్డుమీద నడుపుమంటిని. ఇంటిలో ఛార్జరున్న మరియు మంచిది. భూపాలపల్లి బొగ్గుగనులలో పనిచేయు మా మరిదిగారి కారు నీడలేక ఎండలో మాడును. చలికాలమున మొరాయించు బ్యాటరీని వేసవియే చాలవరకు తినివేసియుండును. వేడికి నీరు ఇంకును, పలకలు త్వరగా క్షయించును. కానుగచెట్టు క్రిందనైనను నిలుపుమని చెప్పితిని.

ఒక్క మాట మరువకుడు. ఛార్జి యగునప్పుడు హైడ్రోజన్ వాయువు వెడలును. దాపున దీపము గాని అగరువత్తి గాని యుండరాదు. బంగారుగాజులు, ఉంగరములు తీసి మరి చేయిపెట్టుడు. లోహము రెండు కొసలను తాకిన చర్మము కాలును. ఆసిడ్ మీద పడినచో వెంటనే ధారాళముగా నీటితో కడుగవలెను. కొసలపై తెల్లగానో పచ్చగానో పూసిన బూజును వంటసోడానీటితో శుభ్రము చేయునప్పుడు ముందు మైనస్ తీగ విప్పి, బిగించునప్పుడు దానినే చివర బిగింపుడు.

ఇప్పుడు ప్రతి ఆదివారము కాఫీకి ముందే అంకె చూచి పంచాంగపు క్యాలెండరుమీద వ్రాయుచున్నాను. అత్తగారు పడకనుండియే ‘ఎంత వచ్చినదే?’ యని యడుగుదురు. క్రిందటి వారము 12.3. రాత్రియంతయు ఛార్జరు పెట్టితిమి.