దరఖాస్తులో ఎవరి ఫోన్ నంబరు?

ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన మర్నాటి నుంచే విజయవాడ వించిపేట, భవానీపురం, అజిత్‌సింగ్ నగర్ సందుల్లో కొత్త మనుషులు కనిపిస్తారు. చేతుల్లో రంగురంగుల కరపత్రాలు, నోటినిండా సలాములు. "ఆపా, మీ అబ్బాయి సర్టిఫికెట్లు ఇవ్వండి. మిగతాదంతా మేం చూసుకుంటాం. ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు" అంటారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది గనుక రూపాయి కట్టనక్కర్లేదన్నది కొంతవరకు నిజం. మిగతాదంతా తామే చూసుకుంటామన్నది మాత్రం పూర్తిగా నిజం. ఏ కళాశాల, ఏ సబ్జెక్టు, ఏ మాధ్యమం అన్నది వారే చూసుకుంటారు, ఒక్కొక్క విద్యార్థికి తమకు ముట్టే కమీషన్‌ను బట్టి.

రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ విధానంలో జరుగుతున్నాయి. దళారీల ప్రమేయం లేకుండా విద్యార్థి తానే కళాశాలలను ఎంచుకునేందుకు ఈ ఏర్పాటు అన్నారు. కానీ ఆ దరఖాస్తులో నమోదయ్యే ఫోన్ నంబరు ఎవరిది? ఓటీపీ వచ్చేది ఎవరి ఫోనుకు? మాకు తెలిసిన కొన్ని ఇళ్లలో ఇదే ప్రశ్న అడిగాం. ఎక్కువమంది తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక పిల్లవాడు మాత్రం ధైర్యంగా, "కాలేజీ సారుది" అన్నాడు. వెబ్ ఆప్షన్లు పెట్టింది ఆ సారే. తాను కోరుకున్న కళాశాల పేరు ఆ జాబితాలో అసలు లేదన్న సంగతి ఆ పిల్లవాడికి సీటు వచ్చాకే తెలిసింది. అప్పటికి ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో ఉన్నాయి.

మన సమాజంలో డిగ్రీ గురించిన చర్చ సీటు దగ్గర మొదలై సీటు దగ్గరే ముగుస్తోంది. ఆ తర్వాతి మూడు నాలుగేళ్లను ఒక పథకం ప్రకారం నడుపుకోవాలన్న ఆలోచన విద్యార్థికి లేదు, ఇంట్లో లేదు, మొహల్లాలో అంతకన్నా లేదు. మొదటి తరం విద్యార్థుల తల్లిదండ్రులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆటోనగర్‌లో రోజంతా ఇంజన్ల కింద పడుకునే తండ్రికి సెమిస్టర్, క్రెడిట్, మేజర్ అన్న మాటలు ఎవరు చెప్పారు? చెప్పవలసిన ప్రభుత్వం చెప్పలేదు. చెప్పగలిగిన మనం చెప్పలేదు.

"డిగ్రీ చదివి ఏం చేస్తాడు, రెంచి పట్టుకుంటే రోజుకూలీ అయినా వస్తుంది" అనేవారు మనలో తక్కువేమీ లేరు. వారి అనుభవాన్ని మేము తోసిపుచ్చం. పేరుకు మాత్రమే నడిచే కళాశాలలో, పేరుకు మాత్రమే చదివిన డిగ్రీతో నిజంగానే ఏమీ రాదు. కానీ 2006లో సచార్ కమిటీ చూపిన చిత్రం గుర్తుంచుకోవాలి. దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు పాతికమందిలో ఒక్కరు, పీజీ విద్యార్థులు యాభైమందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని ఆ నివేదిక తేల్చింది. ఆ తర్వాత తలుపులు తెరుచుకోకపోగా ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్టు కేంద్రం 2022 డిసెంబరులో లోక్‌సభలో ప్రకటించింది. మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయమని 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఇతర పథకాలు ఉన్నాయి కదా అన్నది ఫెలోషిప్ రద్దుకు చెప్పిన సాకు. మిగిలిన ఆ కాస్త అవకాశాన్నీ దళారి చేతిలో పెట్టి మనం నిద్రపోతున్నాం.

ముందుగా రిజర్వేషన్ సంగతి. ఇందులో మన పెద్దల అజ్ఞానం పిల్లలకు సీట్లు పోగొడుతోంది. "మనమంతా ముస్లింలం, మనలో కులాలేమిటి" అని మస్జిద్ మెట్ల మీద కూర్చొని చెప్పడం బాగానే ఉంటుంది. ఇస్లాంలో కులం లేదు; తహసీల్దారు కార్యాలయంలో ఉంది. 2007 నాటి చట్టం సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. అంటే మన బిడ్డల సీట్లు ఒక మధ్యంతర ఉత్తర్వు మీద నిలబడి ఉన్నాయి. షేక్‌లు, ఖురేషీలు, ఫకీర్లు, లబ్బీలు, అత్తరు సాయెబులు తదితరులు బీసీ-ఇ. దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్, పింజారీలు అంతకు ముందునుంచే బీసీ-బి. మెహతర్లు బీసీ-ఎ. సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చి మెమన్ తదితరులు బీసీ-ఇ పరిధిలోకి రారు. అయితే వారిలో పేదలకు 2019 నుంచి ఆర్థికంగా బలహీన వర్గాల కోటా ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, ఆస్తుల నిబంధనలకు లోబడితే ఆ ధ్రువపత్రం పొందవచ్చు. ఈ కోటా తమకు వర్తిస్తుందనే ఎరుగని పఠాన్ కుటుంబాలు పటమటలోనూ ఉన్నాయి, పెడనలోనూ ఉన్నాయి. కూలి చేసుకుంటూ, పిల్లవాడిని ఓపెన్ కేటగిరీలో నిలబెట్టి, రాలేదని నసీబును నిందించుకుంటున్నారు.

దాని వెంటే పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు రెండు ఇంగ్లీషు అక్షరాల్లో కుదించి ఉంటుంది. ఆధార్‌లో అదే 'షేక్' అని పూర్తిగా ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో మరొక వర్ణక్రమం. అమ్మాయి పేరు చివర ఒక చోట 'బేగం', ఒక చోట 'బీ', ఒక చోట ఏమీ లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ నుంచి పాస్‌పోర్టు వరకు అన్నీ ఈ చిన్న తేడా దగ్గర ఆగిపోతాయి. డిగ్రీలో చేరకముందే పదో తరగతి మెమోలో ఉన్న పేరును ప్రమాణంగా పెట్టుకొని ఆధార్‌ను, బ్యాంకు ఖాతాను దానికి సరిచేయించాలి. మెమోలోనే తప్పుంటే చదివిన పాఠశాల ద్వారా బోర్డుకు దరఖాస్తు చేయడం ఎంత త్వరగా జరిగితే అంత మంచిది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం ఇళ్లు మునిగినప్పుడు ట్రంకు పెట్టెల్లోని కాగితాలు ముద్దలైపోయిన దృశ్యం మనమెవరమూ మరచిపోలేదు. ప్రతి కాగితాన్నీ డిజిలాకర్‌లో, మరొక ప్రతిని వరద రాని బంధువుల ఇంట్లో ఉంచుకోమని చెప్పడానికి ఇంకొక వరద రానక్కర్లేదు.

ఇక సబ్జెక్టు ఎంపిక. మూడు సబ్జెక్టులు సమానంగా చదివే పాత పద్ధతి మన అన్నలకు తెలుసు. 2023-24 విద్యాసంవత్సరం నుంచి రాష్ట్రంలో ఒకే మేజర్, దానికి తోడు ఒక మైనర్ అనే విధానం తెచ్చారు. నాలుగో ఏడు చదివితే ఆనర్స్. పాఠ్యప్రణాళికలు తరచుగా మారుతున్నాయి గనుక చేరే ఏటి ప్రకటనను స్వయంగా చదవాలి, పక్కింటి అన్న చెప్పింది చాలదు. మొదటి రోజునే తీసుకునే ఈ ఒక్క నిర్ణయం మీద తర్వాతి దారులన్నీ ఆధారపడతాయి. పీజీ ప్రవేశానికి ఏ సబ్జెక్టు కావాలో, ఎడ్‌సెట్‌లో ఏ మెథడాలజీ దొరుకుతుందో డిగ్రీలో చదివినదే నిర్ణయిస్తుంది. గణితం టీచరు కావాలన్న అమ్మాయిని "కంప్యూటర్లకే గిరాకీ" అని కంప్యూటర్ మేజర్‌లో చేర్పించి ఆమె దారి మూసేసిన వాళ్లను మేమెరుగుదుము. గ్రూప్స్, సివిల్స్ రాయదలచినవారికి ఏ డిగ్రీ అయినా చాలు. వారు తమకు నచ్చిన, తాము ఎక్కువ మార్కులు తెచ్చుకోగల సబ్జెక్టునే చదవవచ్చు. కనుక చివరి నుంచి మొదటికి రావాలి: నాలుగేళ్ల తర్వాత ఎక్కడ నిలబడాలో ముందు నిశ్చయించుకొని, దానికి తగిన మేజర్‌ను వెతకాలి.

కళాశాలను చూడకుండా చేరవద్దు. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ నుంచి విజయవాడకు బస్సు ఎక్కితే గంటా రెండు గంటల ప్రయాణం. ఒక పనిదినాన, మధ్యాహ్నం పూట వెళ్లండి. తరగతి గదుల్లో పిల్లలున్నారా, ప్రయోగశాల తాళం తుప్పు పట్టిందా, గ్రంథాలయంలో పుస్తకాలు అద్దాల వెనుకే ఉన్నాయా అన్నది కళ్లతో చూస్తే తెలుస్తుంది. మాచవరంలో 1937 నుంచి నడుస్తున్న ఎస్సారార్ అండ్ సీవీఆర్ ప్రభుత్వ కళాశాల ఉంది. ప్రభుత్వ కళాశాల అనగానే ముఖం చిట్లించే అలవాటు మనకెక్కడ నుంచి వచ్చిందో! అర్హతలున్న అధ్యాపకులను, తక్కువ ఫీజును వదులుకొని, ఏసీ బస్సు బొమ్మ ఉన్న కరపత్రాన్ని నమ్ముతున్నాం.

ఒరిజినల్ సర్టిఫికెట్ల విషయంలో విద్యార్థులు భయపడనక్కర్లేదు. వాటిని పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని, కళాశాల తన వద్ద అట్టేపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. అయినా ప్రభుత్వం బకాయిపడ్డ ఫీజుకు విద్యార్థి సర్టిఫికెట్లను తాకట్టుగా పెట్టుకోవడం మామూలైపోయింది. రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఒక ప్రభుత్వ కాలంలో తల్లి ఖాతాకు, మరొక ప్రభుత్వ కాలంలో నేరుగా కళాశాల ఖాతాకు. ఏ ఖాతాకు వేసినా ఆలస్యమైనప్పుడు గేటు బయట నిలబడేది మన పిల్లలే. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ నడుమ ఉన్న లెక్కలో విద్యార్థి జామీనుదారు కాడు. ఈ మాట నోటితో కాదు, కాగితం మీద అడగాలి. దరఖాస్తు ఇచ్చి దాని ప్రతిపై ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఇవ్వకపోతే కృష్ణా విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకు రాయాలి. బకాయి ఎంత, ఎప్పటి నుంచి అన్నది సమాచార హక్కు చట్టం కింద సంక్షేమ శాఖను అడగాలి. ఒక్కడు అడిగితే బెదిరిస్తారు. నలభైమంది సంతకాలతో అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతారు.

హాజరు 75 శాతం ఉండాలన్నది పరీక్షకే కాదు, ఫీజు పథకానికీ షరతు. బీసెంట్ రోడ్డు బట్టల దుకాణాల్లో, పెళ్లిళ్ల క్యాటరింగ్‌లో పనిచేస్తూ చదివే కుర్రాళ్లు ఈ దగ్గరే దెబ్బతింటున్నారు. పని మానమని చెప్పే స్తోమత మాకు లేదు. అయితే సెమిస్టర్ మొదటి వారంలోనే టైంటేబుల్ తెచ్చుకొని, ఏ రోజుల్లో పనికి వెళితే హాజరు దెబ్బతినదో లెక్కవేసుకోవచ్చు. జుమా వేళ తరగతి ఉంటే దొంగచాటుగా గోడ దూకనక్కర్లేదు; ఆ గంటను సర్దుబాటు చేయమని విద్యార్థులంతా కలిసి ప్రిన్సిపాలుకు వినతిపత్రం ఇవ్వవచ్చు.

మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఆపైన ఇంటర్న్‌షిప్‌లు అన్నది ఈ చదువులో భాగం. తయారు చేసిన నివేదికలను జిరాక్స్ షాపులో కొని అట్టవేసి ఇస్తే మార్కులు వస్తాయి, అంతే. అదే ప్రాజెక్టును తమ మొహల్లాలో చేస్తే? వించిపేటలో పదో తరగతి తర్వాత చదువు మానినవారెందరు, ఎందుకు మానారు అని ఇరవైమంది విద్యార్థులు ఇంటింటికీ తిరిగి రాస్తే, ప్రభుత్వం ముందు పెట్టడానికి మన దగ్గర ఇప్పటివరకు లేని లెక్క ఒకటి తయారవుతుంది.

అమ్మాయిల సంగతి చెప్పకుండా ఇది పూర్తికాదు. రెండో ఏడాదిలో నిఖా, ఆ తర్వాత చదువు ముగిసిందనుకోవడం మన ఇళ్లలో మామూలు. పెళ్లి చదువుకు ముగింపు అని ఏ ఆయతులోనూ లేదు. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన చట్రం ప్రకారం మొదటి ఏడాది 40 క్రెడిట్లతో ఆగినవారు నిర్ణీత వృత్తివిద్యా కోర్సు కూడా పూర్తి చేస్తే సర్టిఫికెట్, రెండో ఏడాది 80 క్రెడిట్లతో అలాగే ఆగితే డిప్లొమా. మూడేళ్లలోగా తిరిగి చేరవచ్చు, మొత్తం ఏడేళ్లలో డిగ్రీ పూర్తి చేసుకోవచ్చు. సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంకులో ఉంటాయి. తన కళాశాలలో ఇది ఎలా అమలవుతోందో ఆమె మానేయకముందే లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. అత్తవారింటికి పంపే సామానులో ఆ కాగితం కూడా ఉండాలి. వియ్యంకులతో మహర్ గురించి మాట్లాడే పెద్దలు చదువు కొనసాగింపు గురించి ఎందుకు మాట్లాడరు? విజయవాడలో ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది, ఇంట్లో ఉండి చదవదలచినవారికి అదొక దారి.

ఇప్పుడు మన జమాఅత్‌లకు, మస్జిద్ కమిటీలకు ఒక మాట. 1947లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉస్మానియా కళాశాల స్థాపించారు. బందరులో 1843లో క్రైస్తవ మిషనరీ నోబుల్ పెట్టిన పాఠశాల కళాశాలగా ఎదిగింది. విజయవాడలో జెస్యూట్లు 1953లో లయోలా కళాశాల తెరిచారు. రాజ్యాంగం 30వ అధికరణ మనకూ ఉంది. మా కోరిక అంత పెద్దది కూడా కాదు. ప్రతి పెద్ద మస్జిద్ వరండాలో ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు ఒక బల్ల, ఒక కంప్యూటర్, డిగ్రీ చదువుతున్న ఇద్దరు పిల్లలు, అమ్మాయిల కోసం ఒక చదువుకున్న ఆపా. దరఖాస్తు అక్కడ నింపాలి, విద్యార్థి సొంత నంబరుతో, విద్యార్థి చేత్తో. రంగులద్దిన మినార్లకు మళ్లీ రంగులు వేయించే డబ్బుతో, ఇఫ్తార్ విందుల బ్యానర్లకయ్యే ఖర్చుతో ఇది నడుస్తుంది. అర్హులైన పేద విద్యార్థుల పరీక్ష ఫీజుకు జకాత్ ఇవ్వవచ్చునో లేదో మీ ఆలిమ్‌లనే అడగండి.

ఆదాయ, కుల, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రాలు సచివాలయంలో దరఖాస్తు చేసిన రోజే చేతికి రావు. విచారణ, సంతకాలు, సర్వర్ మొరాయింపు అన్నీ ఉంటాయి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఒక ఏడాదికే చెల్లుతుంది గనుక కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్‌లోనే తీసుకోవాలి. పేరు సవరణలు అంతకు ముందే, ఇంటర్ పరీక్షల సెలవులకు ముందే మొదలుపెట్టాలి. మన మస్జిద్‌లలో ఈ సంగతి చెప్పవలసింది ఫలితాలొచ్చాక కాదు, జనవరి, ఫిబ్రవరి జుమాల్లో.