స్పానర్ పట్టే ముందు ప్రశ్న అడగండి

ఆదోనిలో కూర్చుని హీటర్ గురించి మాట్లాడితే ఎవరికైనా నవ్వొస్తుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్లో డీజిల్ వ్యాన్‌కి ఏసీ పనిచేస్తే చాలు, హీటర్ ఎవరికి కావాలి? అయినా ఈసారి దాని గురించే చెప్పుకుందాం. ‘థర్మోస్టాట్ అంటే ఏమిటి?’ అని అడిగితే పుస్తకం చదివిన ఎవరైనా చెప్తారు. ‘వ్యాన్‌లో హీటర్ సరిగా వేడి ఇవ్వడం లేదు, ఎక్కడ మొదలుపెడతావ్?’ అని అడిగితే చాలామంది తడబడతారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు కావాల్సింది ఈ రెండో ప్రశ్నకు జవాబే.

మామూలు డీజిల్ వ్యాన్‌లో హీటర్‌కి సొంతంగా వేడి పుట్టదు. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంటే ఆ వేడిని మోసుకొస్తుంది. డ్యాష్‌బోర్డు వెనక హీటర్ కోర్ అని చిన్న రేడియేటర్ ఉంటుంది. ఒక పైపులోంచి వేడి కూలెంట్ లోపలికి వెళ్తుంది, ఇంకో పైపులోంచి తిరిగొస్తుంది. బ్లోయర్ ఆ కోర్ మీదుగా గాలిని తోస్తుంది. అంటే హీటర్ కూలింగ్ వ్యవస్థలో ఒక భాగం. అది నీరసించిందంటే ఇంజిన్ మీకేదో చెప్తోందని అర్థం.

మన ప్రాంతంలో ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్‌ని పీకి పక్కన పడేయడం చాలా షెడ్లలో మామూలే. చాలా ఇంజిన్లలో అది 80 డిగ్రీలు దాటాకే తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదులుతుంది. అది లేకపోతే కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో తిరుగుతుంది. జనవరి తెల్లవారుజామున ఎమ్మిగనూరు నుంచి బయల్దేరిన బండి ఎంతదూరం పోయినా అసలు వేడికి చేరకపోవచ్చు. హీటర్ చల్లగా ఉంటుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఇంజిన్ త్వరగా అరుగుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ శుభ్రపడాలన్నా ఇంజిన్ తగినంత వేడిగా ఉండాల్సిందే.

పైగా అసలు రోగం అలాగే ఉండిపోతుంది. బోరు నీళ్లు పోసిపోసి రేడియేటర్ లోపల సున్నం పేరుకుందా, ఫ్యాన్ సరిగా తిరగడం లేదా, వాటర్ పంపు అరిగిందా, ఎక్కడైనా లీకుందా? ఈ ప్రశ్నలేవీ అడగకుండా జవాబు చెప్పేయడమే థర్మోస్టాట్ పీకడమంటే.

మరి క్రమం ఏమిటి? ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చున్నది చివర. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూడండి. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే ఒత్తిడికి మరుగునీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి, జాగ్రత్త. తర్వాత చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపుని గమనించండి. అది మొదటి నుంచే మెల్లగా వెచ్చబడుతూ ఉంటే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది, లేదా అసలు లేదు. స్కానర్ ఉంటే రోడ్డు మీద కూలెంట్ ఉష్ణోగ్రత చూడండి. 60 దగ్గరే ఆగితే అనుమానం తీరినట్టే.

ఉష్ణోగ్రత సరిగానే ఉంటే హీటర్ పైపులు రెండింటి దగ్గరికి రండి. హీటర్‌ని ఫుల్లుగా పెట్టి, ఇంజిన్ వేడెక్కాక ఆపేసి, గ్లౌజు వేసుకుని తాకండి. రెండూ బాగా వేడిగా ఉంటే కూలెంట్ తప్పులేదు. బ్లోయర్, గాలి ఫిల్టర్, గాలిని మళ్లించే రేకు చూడాలి. ఒకటి వేడిగా, రెండోది గోరువెచ్చగా ఉంటే కోర్ పూడుకుపోయి ఉండొచ్చు. రెండూ చల్లగా ఉంటే వేడి కోర్ దాకా రావడం లేదు. వాల్వ్ తెరుచుకోకపోవడం, లోపల గాలి చిక్కుకోవడం, పంపు బలహీనపడటం... వీటిలో ఏదో ఒకటి. ఇంతవరకు ఒక్క పార్టు కూడా కొనలేదు, గమనించారా?

ఈ క్రమం తెలియకపోతే నష్టపోయేది ఎవరు? బండి మీదే బతికే మనిషి. ఒక రోజు బండి ఆగితే ఒక కిరాయి పోతుంది. మనం ఊహించి మార్చిన ప్రతి పార్టు ఆయన జేబులోంచే పోతుంది. డిసెంబరు, జనవరిలో శబరిమల వెళ్లే బండికి అద్దం మీది మంచు పోవాలన్నా, ఘాట్‌లో ముల్లు పైకి పోతున్నప్పుడు కాస్త వేడి బయటికి లాగాలన్నా ఈ హీటరే దిక్కు.

మన కాలేజీల్లో సిద్ధాంతం ఉంది, షెడ్లలో చేతివాటం ఉంది. రెండూ ఒకే మనిషిలో కలిసేది తక్కువ. ఆ ఖాళీలోనే మీ ఉద్యోగం ఉంది. ఐటీఐ డీజిల్ మెకానిక్, మోటార్ వెహికల్ ట్రేడ్లవాళ్లను ఆర్టీసీ అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. ఆదోనిలో, ఎమ్మిగనూరులో డిపోలున్నాయి. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు బండ్లు తయారవుతున్నాయి. బీటెక్ అయినా, డిప్లొమా అయినా ఈ సెలవుల్లో రెండు వారాలు ఏదైనా షెడ్‌లో నిలబడండి. మేస్త్రీని ‘అన్నా, ఇది పోయిందని ఎలా తెలిసింది?’ అని అడగండి. ఆయన చెప్పింది రాసుకోండి. కారణం చెప్పలేకపోతే మీరు వెతికి ఆయనకు చెప్పండి.

కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఇది మాకెందుకు అనుకోవద్దు. సర్వర్ నెమ్మదించినప్పుడు రీస్టార్ట్ కొట్టడం, థర్మోస్టాట్ పీకడం ఒకటే. అప్పటికి పని నడుస్తుంది, కారణం మాత్రం లోపలే ఉండిపోతుంది. రెజ్యూమెలో పది కోర్సుల పేర్లు రాసే చోట, మీరు వెతికి పట్టుకున్న ఒక్క లోపం గురించి నాలుగు లైన్లు రాయండి: ఏం చూశారు, ఏం అనుమానించారు, ఏ పరీక్షతో తేల్చారు. ఎదుటివాళ్లు మిగతా ప్రశ్నలన్నీ అక్కడి నుంచే అడుగుతారు. వాటికి మీ దగ్గర జవాబులుంటాయి.