ఎవరు చెప్పినారంట?

మా కర్నూలు, కడప వైపు ఊళ్ళోంచి ఏదైనా కొత్త మాట ఇంట్లోకి వస్తే ఆడవాళ్ళు ముందు అడిగేది ఒకటే. "ఎవరు చెప్పినారంట?" పసిబిడ్డ దగ్గుకి ఫలానా ఆకు పసరు మంచిదన్నా, ఫలానా చీటీలాయన నమ్మకస్తుడన్నా, మాట సంగతి తర్వాత, ముందు ఆ మాటన్న మనిషెవరో తేలాలి. చెప్పింది వంద కాన్పులు చేసిన మంత్రసాని అయితే ఒక తూకం. బస్సులో పక్క సీట్లో కూచున్నావిడైతే ఇంకో తూకం. అక్షరం ముక్క రాని అవ్వలు కూడా ఈ తూకం మరిచిపోయేవాళ్ళు కాదు. డిగ్రీలు చదివి, చేతిలో ఫోను పట్టుకు తిరిగే ఆడవాళ్ళం మాత్రం ఆ ప్రశ్న అడగడం నెమ్మదిగా మానేస్తున్నామని నాకనిపిస్తోంది.

ఫోనులో వెతకడం ఇదివరకు ఒక తీరుగా ఉండేది. "నెలసరి ఆలస్యం" అని కొడితే ఒకదాని కింద ఒకటి చిరునామాల వరస వచ్చేది. ఒకటి ఆసుపత్రివాళ్ళది, ఒకటి పత్రికది, ఒకటి మందులమ్ముకునేవాడిది. మనమే ఒక్కోటి తెరిచి, ఎవరి మాటో చూసి, నచ్చితే నమ్మేవాళ్ళం. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వెతుకుతారే, అట్లాగన్నమాట. ఆడా మగా, పిల్లా జెల్లా నడుం వంచి రాయి రాయీ తిప్పి చూసుకుంటారు. దొరికినా దొరక్కపోయినా చూసే కళ్ళు వాళ్ళవే. ఇప్పుడేమో చేనుగట్టు మీదే ఒకాయన నిలబడి, "మీకెందుకమ్మా ఈ ఎండలో అవస్థ, ఇదిగో వజ్రం" అని కాయితంలో చుట్టి చేతిలో పెడుతున్నాడు. ఆయన పేరే కృత్రిమ మేధ. పిల్లలు ఏఐ అంటారు.

గూగుల్ వాళ్ళు ఈ పద్ధతిని 'ఏఐ ఓవర్‌వ్యూస్' అనే పేరుతో 2024 మేలో అమెరికాలో పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో మన దేశానికి ఇంగ్లీషులో, హిందీలో వచ్చింది. యంత్రంతో ఎదురెదురుగా మాట్లాడుతున్నట్టు ప్రశ్న మీద ప్రశ్న వేసే 'ఏఐ మోడ్' 2025 చివరికి తెలుగులోకీ వచ్చేసింది. ఆ ఏడాదే ఎయిర్‌టెల్ వాళ్ళు పర్‌ప్లెక్సిటీని, జియో వాళ్ళు గూగుల్ జెమినైని తమ ఖాతాదారులకి ఉచితమన్నారు. నవంబరు నుంచి చాట్‌జీపీటీ వాళ్ళు కూడా ఒక రకం చందా ఏడాదిపాటు ఉచితమన్నారు. సబ్బు కొంటే స్టీలు గ్లాసు ఫ్రీ అన్న కాలం నుంచి చూస్తున్నవాళ్ళం కదా, ఇంతమంది ఇంత ధారాళంగా ఎందుకిస్తున్నారో మనకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అలవాటు పడాలి, అంతే.

ఇంతకీ ఈ యంత్రం చేసేదేమిటి? ఎక్కడెక్కడో మనుషులు రాసిపెట్టినవన్నీ చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తే బావుంటుందో అంచనా వేసి, నాలుగు వాక్యాలు అల్లి ఇస్తుంది. అది ఉప్పు చూడదు, కారం చూడదు, దానికి నాలుక లేదు. 2024లో మొదలైన కొత్తల్లోనే పిజ్జా మీద చీజు జారిపోకుండా ఉండాలంటే కాస్త జిగురు కలపమని చెప్పి లోకమంతా నవ్వులపాలైంది. ఎవరో ఎన్నో ఏళ్ళ కిందట వేళాకోళానికి రాసిన ముక్కని అది నిజమనుకుంది. జిగురు మాటైతే ఎవరికైనా తెలుస్తుంది, నవ్వుకుని వదిలేస్తాం. అన్నీ అట్లా బయటపడేవి కావు. 2026 జనవరిలో లండన్ 'గార్డియన్' పత్రిక ఈ సారాంశాల్లో ఆరోగ్యం గురించిన తప్పుల్ని వెలికితీసింది. క్లోమగ్రంథి కాన్సరున్నవాళ్ళు కొవ్వున్న తిండి మానుకోవాలని చెప్పిందట. డాక్టర్లేమో అది తలకిందుల సలహా, ఆ రోగికి బలం తగ్గి ప్రాణం మీదికి రావచ్చన్నారు. లివరు పరీక్షల గురించిన కొన్ని సమాధానాల్ని ఆ తర్వాత గూగుల్ తీసేసింది.

కింద చిన్న అక్షరాల్లో ఎక్కడి నుంచి తీసుకుందో లింకులుంటాయి కదా అంటారేమో. ఉంటాయి. నొక్కేదెవరు? అమెరికాలో ప్యూ పరిశోధనా కేంద్రం 2025లో లెక్క తీసింది. ఏఐ సారాంశం కనబడని వెతుకులాటల్లో నూటికి 15 సార్లు జనం ఏదో ఒక లింకు తెరిచారు. సారాంశం కనబడితే 8 సార్లే. ఆ సారాంశంలోనే ఇచ్చిన లింకుని నొక్కింది నూటికి ఒక్కసారి. అమెరికావాళ్ళ సంగతి అది. పొయ్యి మీద పాలు పెట్టి, ఒక చేత్తో ఫోను పట్టుకున్న మన సంగతి వేరే చెప్పాలా?

అట్లాగని ఈ యంత్రాన్ని తిట్టి పారేసేదాన్ని కాదు నేను. ఆదోనిలోనో పత్తికొండలోనో, చదువు రాని ఒక అమ్మాయి, పెళ్ళయి ఆరు నెలలు, తెల్లబట్టతో బాధపడుతోందనుకోండి. అత్తతో చెప్పలేదు, మొగుడితో అసలే చెప్పలేదు. ఆశా కార్యకర్తతో చెబుదామంటే ఆవిడ వరసకి చిన్నత్త. రాత్రి అందరూ పడుకున్నాక దుప్పటి ముసుగేసుకుని ఫోన్లో గుసగుసగా అడిగితే అది విసుక్కోదు, "ఇంతలోనే ఏమొచ్చిందే నీకు" అనదు, తెలుగులోనే జవాబు చెబుతుంది. మా చిన్నప్పుడు ఇట్లాంటివి అడగడానికి పత్రికల్లో డాక్టరుగారి శీర్షిక ఒక్కటే దిక్కు. పేరు రాయకుండా ఉత్తరం వేసి వారాల తరబడి ఎదురుచూసేవాళ్ళు. ఇప్పుడు అర నిమిషం. ఇది చిన్న మేలు కాదు.

కానీ ఆ శీర్షిక కింద డాక్టరుగారి పేరు, ఆమె చదువు అచ్చయి ఉండేవి. తప్పు చెబితే పట్టుకోవడానికి ఒక మనిషుండేది. ఈ అర్ధరాత్రి జవాబు కింద సంతకం లేదు. ఆ పిల్లకి రెండో మాట అడగడానికి ఇంకో మనిషీ లేదు. ఎవరికి దారులు తక్కువో వాళ్ళకే ఈ జవాబు వేదమైపోతుంది. నా భయమంతా ఇక్కడే.

పైగా అది చెప్పే తెలుగు, ఆ తెలుగులో ఉండే లోకం మనవి కావు. గర్భిణి ఏం తినాలని ఒకసారి అడిగి చూశాను. ఏ కంపెనీదో చెప్పను గానీ, ఓట్సు, బ్రకోలీ, సాల్మన్ చేప అని వరసగా చెప్పింది. ప్రొద్దుటూరు మార్కెట్లో సాల్మన్ చేప కోసం తిరిగే చూలింతను ఊహించుకుని చాలాసేపు నవ్వుకున్నాను. రాగిసంగటి లేదు, కొర్రలు లేవు, సజ్జరొట్టె లేదు, మునగాకు లేదు, చెనిక్కాయల ఊసే లేదు. ఎర్రగడ్డ గురించి అడిగితే హైదరాబాదులో ఎర్రగడ్డ పేట గురించి, అక్కడి పిచ్చాసుపత్రి గురించి శ్రద్ధగా చెప్పింది. మాకు ఎర్రగడ్డంటే ఉల్లిపాయ తల్లీ అని చెప్పాక, "మీరన్నది నిజమే" అని వినయంగా ఒప్పుకుంది. ఆ వినయం చూస్తే ఇంకా భయం. కర్నూలు పల్లెల్లో బుడ్డలంటే ఏమిటో అది ఎక్కడ చదువుతుంది, ఎవరు రాశారు గనక?

మాట్లాడేవాళ్ళ లెక్క చూస్తే జర్మన్ భాషకీ మనకీ మరీ అంత తేడా లేదు. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల పైచిలుకు. జర్మన్ సొంత భాషగా మాట్లాడేవాళ్ళు తొమ్మిది, పది కోట్ల మధ్య. వికీపీడియాలో మాత్రం జర్మన్ వ్యాసాలు సుమారు 30 లక్షలు, తెలుగువి సుమారు లక్ష. అందుకే జర్మన్‌లో అడిగితే యంత్రం జర్మన్లు రాసింది చదివి చెప్పగలదు. తెలుగులో అడిగితే చాలాసార్లు ఇంగ్లీషువాళ్ళు రాసింది తెలుగు చేసి చెబుతుంది. బ్రకోలీ వచ్చింది ఆ దారినే.

గూగుల్ సారాంశాలు జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండులకి మనకన్నా ఆలస్యంగా, 2025 మార్చిలో వెళ్ళాయి. వెళ్ళిన ఆరు నెలలకే జర్మనీలో మీడియా సంఘాలు, మరికొన్ని సంస్థలు కలిసి అక్కడి నియంత్రణ సంస్థ దగ్గర ఫిర్యాదు పెట్టాయి. మేం కష్టపడి రాసింది నువ్వు నాలుగు ముక్కల్లో చెప్పేస్తే మా గుమ్మం ఎవరు తొక్కుతారు, రేపు రాసేవాళ్ళు ఎట్లా బతుకుతారు అని వాళ్ళ బాధ. నవంబరులో మ్యూనిక్ కోర్టు పాటల రచయితల హక్కుల సంఘం 'గెమా' వేసిన కేసులో, తొమ్మిది జర్మన్ పాటల సాహిత్యాన్ని అనుమతి లేకుండా వాడుకోవడం తప్పని ఓపెన్ ఏఐకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. డిసెంబరులో ఐరోపా కమిషన్ గూగుల్ మీద విచారణ మొదలెట్టింది. స్విట్జర్లాండువాళ్ళయితే తగాదాతో ఊరుకోలేదు. అక్కడి ప్రభుత్వ విద్యాసంస్థలే 2025 సెప్టెంబరులో 'అపెర్టస్' అని సొంత భాషాయంత్రాన్ని తయారుచేసి అందరికీ తెరిచిపెట్టాయి. అందులో తమ స్విస్ జర్మన్‌ని, రోమాన్ష్ అనే చిన్న భాషనీ చేర్చారు. రోమాన్ష్ మాట్లాడేవాళ్ళు మా ప్రొద్దుటూరు పట్నం జనాభా అంత కూడా ఉండరు. ఎనిమిది కోట్లమంది మాట్లాడే భాష మనది. కడుపు మండదా?

మన దేశంలో ఏమీ జరగడం లేదని కాదు. ఏఎన్ఐ వార్తాసంస్థ 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో ఓపెన్ ఏఐ మీద కేసు వేసింది. 2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల శాఖ, యంత్రాలకి చదువు చెప్పడానికి వాడుకున్న రాతలకి కంపెనీలు రుసుము కట్టాలని ఒక ప్రతిపాదన ముందుకు తెచ్చింది. భాషల కోసం 2022 నుంచి 'భాషిణి' ఉంది. మంచిదే. ఆ రుసుములో పెద్ద పత్రికలకి, సినిమా కంపెనీలకి వాటా వస్తుందేమో. ఊళ్ళో పొయ్యి ముందు కూచుని వంట వీడియోలు పెట్టుకుని నాలుగు డబ్బులు చూస్తున్న ఆడవాళ్ళ వాటా ఎంత? ఆమె చెప్పిన కొలతలే యంత్రం తనవిగా చెప్పేస్తే ఆమె వీడియో ఎవరు చూస్తారు? కథలు రాసుకునేదాన్ని గనక నా గోడు కూడా ఇందులో ఉందనుకోండి. ఒక కథకి వచ్చే పారితోషికంతో నెల పాలఖర్చు కూడా గడవదు, అదైనా నా పేరు మీద వస్తుంది.

కడపలో ఉండి సి.పి. బ్రౌన్‌ని తలుచుకోకుండా ఈ మాట ముగించలేం. 1820లో ఇక్కడికొచ్చిన ఆ దొర చేతి డబ్బు పెట్టి పండితుల్ని కూర్చోబెట్టాడు. ఊరూరి నుంచి తాళపత్రాలు తెప్పించి, ఈ ప్రతిలో ఏముంది, ఆ ప్రతిలో ఏముందని పక్కపక్కన పెట్టి సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో, ఇవాళ ఆయన పేర గ్రంథాలయం నిలబడింది. ఈ రోజు ఫోనుని అడిగితే వేమన పద్యం చెబుతోందంటే అందులో ఆ కష్టం కూడా ఉంది. అయితే బ్రౌన్ దొర పండితులు వంటింటి గడప దాకా రాలేదు. మొల్ల, తాళ్ళపాక తిమ్మక్క మా సీమవాళ్ళే, వాళ్ళు కావ్యాలు రాశారు గనక నిలిచారు. బాలింతకి ఏం పెట్టాలో, కరువు సంవత్సరం గింజలు ఎట్లా దాచాలో, ఏ పాట పాడితే పిల్ల నిద్రపోతుందో తెలిసిన వేలమంది అవ్వల మాట ఏ కాయితం మీదా లేదు. లేనిదాన్ని ఏ యంత్రమూ చదవలేదు.

కాబట్టి ఆరోగ్యం గురించి చెప్పే ప్రతి జవాబు పైన, కింద మూలన కాదు, ఫలానా ఆసుపత్రి చెప్పింది, ఫలానా డాక్టరు చెప్పింది అని తెలుగులో పెద్ద అక్షరాల్లో ఉండాలని చట్టం చెయ్యమని అడగాలి. పొదుపు సంఘాల సమావేశాల్లో అప్పుల లెక్కలతోపాటు ఈ ఫోను జవాబుల్ని ఎట్లా చూడాలో కూడా ఒక గంట చెప్పించాలి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు చదివే ఆడపిల్లల్ని సెలవుల్లో ఊళ్ళకి పంపి, అవ్వల దగ్గర కూర్చుని రాసుకు రమ్మంటే ఖర్చెంత? చెప్పినావిడ పేరు, ఊరు, ఆమె ఒప్పుకుంటేనే, పక్కన రాయాలి.

నేనైతే మా పెద్దమ్మతో మొదలుపెట్టాను. ఊరుబిండి దగ్గరే, మా తలుపుకో పేరు, పక్క తలుపుకో పేరు, వాళ్ళు వేసేది వేరు, మేం వేసేది వేరు. రోట్లో ఏది ముందు నూరాలో, ఏది చివర్లో కచ్చాపచ్చాగా దంచాలో, ఏ నెలలో దేనితో చెయ్యకూడదో ఆమె చెబుతోంది, నేను రాస్తున్నాను. పైన ఆమె పేరే పెట్టాను. మొన్నటికి ఎనిమిది పేజీలయింది, ఇంకా ఊరగాయల దగ్గరికి రాలేదు.