బుడగ సాక్ష్యము చెల్లదు

అమెరికా దేశమున గృహస్థుడు తన యింట, తన వాడుకకై, పన్ను చెల్లింపకయే బీరు కాచుకొనుటకు అనుమతి నొసగు చట్టముపై అధ్యక్షుడు జిమ్మీ కార్టరు సంతకము చేసినది 1978 అక్టోబరు 14వ తేదీన. ఇంగ్లండున లైసెన్సు నిర్బంధము 1963లోనే తొలగిపోయినది. నాటినుండి ఎందరో, అక్కడ స్థిరపడిన మన తెలుగువారిలోను కొందరు, ఈ విద్యను చేపట్టిరి. మాల్టు, హాప్స్, ఈస్టు, నీరు అను నాలుగింటి గుణములను గూర్చి వారు ఎంతయో శ్రద్ధతో చదువుకొనుచున్నారు. కాని మొదటిసారి కాచిన బీరును సీసాలలోనికి ఎప్పుడు దింపవలెనను ప్రశ్న వచ్చినపుడు మాత్రము, పాత్ర మూతమీది ఎయిర్‌లాక్‌లో బుడగలు నిలిచిన నాడనియో, కిట్టుతో వచ్చిన కాగితముపై అచ్చువేసిన దినములు నిండిన నాడనియో, ఒకరినుండి యొకరికి సంక్రమించుచున్న మాటనే విశ్వసించుచున్నారు. ఈ మాట తప్పు. కొత్తవానిని బెదరగొట్టనేల యను దయతో అనుభవజ్ఞులు సైతము దీనినే చెప్పుచుండుటచే ఇది మఱింత వేళ్ళూనినది. కనుకనే దీనిని నిర్మొగమాటముగ ఖండింపవలసి యున్నది.

బుడగ యేమి చెప్పగలదో విచారింతము. ఎయిర్‌లాక్ అనునది కొంచెము నీరు పోసిన వంకర గొట్టము. పాత్రలోని వాయుపీడనము ఆ నీటిని నెట్టగలిగినపుడు బుడగ యొకటి వెడలును. అది తెలుపునది పీడనమునే గాని పులియుటను కాదు. బకెట్టు మూత యంచునందలి రబ్బరు చుట్టు కాస్త వదులైనచో, ఈస్టు మహోద్ధృతితో పనిచేయుచున్నపుడు సైతము బొగ్గుపులుసు వాయువు ఆ సందునుండియే జాఱిపోవును. ఎయిర్‌లాక్ నిశ్చలముగ నుండును. చూచువాడు పని ముగిసినదనుకొనును. ఇందుకు విపర్యయమును కలదు. పులిసిన బీరు 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద తన ఘనపరిమాణములో ఇంచుమించు 0.85 వంతు వాయువును కరగించుకొని యుండును. ఎండవేళ గది వెచ్చబడినను, గాలివాన ముందు వాతావరణ పీడనము తగ్గినను ఆ వాయువు విడివడి, ఎన్నడో పులియుట ముగించిన బీరునుండియు బుడగలు లేచుచుండును. బుడగలు మందగించుట పరీక్షకు పూనుకొనదగిన సమయమును సూచించును. దానికి ఇయ్యదగిన గౌరవ మంతియే.

దినముల లెక్క ఇంతకంటె దుర్బలము. ఒకే కిట్టును మిన్నెసోటాలో జనవరి మాసపు నేలమాళిగలో ఒకడును, టెక్ససులో జూన్ మాసపు గదిలో ఒకడును కాచుదురు. ఈస్టు పని ఉష్ణమును బట్టియు, వేసిన ఈస్టు రాశిని బట్టియు, కషాయమునకు మొదట అందిన ప్రాణవాయువును బట్టియు మాఱును. మాల్టును స్వయముగ నానబెట్టుకొనువారి విషయమున మఱొక భేదము: 65 డిగ్రీల వద్ద నానినది ఈస్టునకు లొంగు చక్కెరలను హెచ్చుగ నిచ్చును, 69 వద్ద నానినది లొంగని డెక్స్ట్రిన్లను హెచ్చుగ నిచ్చును. కొన్ని ఇంగ్లీషు ఏల్ ఈస్టులు చలి సోకినంతనే, తినవలసిన చక్కెర మిగిలియుండగనే, గుంపుకట్టి అడుగునకు దిగిపోవును. కాగితము అచ్చువేయించిన వర్తకునకు ఇవి యేవియు తెలియవు.

ఇందు నష్టమేమని అడుగువారు కలరు. మన తాటితోపులలో కల్లు పులియుచుండగనే లొట్టినుండి ముంతలోనికి, ముంతనుండి నోటిలోనికి పోవును. అది యెంత నురుగు కట్టినను ఎవరికిని హాని లేదు, ఏలయన దానిని ఎవరును బిగించి మూయరు. బీరును మూయుదురు. 19 లీటర్ల బీరునకు సీసాలలో పొంగు పుట్టుటకై సుమారు 120 గ్రాముల చక్కెర కలిపి మూతలు బిగింతురు. లీటరునకు 4 గ్రాముల చక్కెర దాదాపు బీరంత పరిమాణముగల వాయువును పుట్టించును గనుక, ముందే కరగియున్నదానితో కలిసి అది రెండున్నర రెట్లగును, కోరదగినది అంతియే. ఇప్పుడు విశిష్ట గురుత్వము 1.012కు దిగవలసినది 1.016 వద్ద నుండగనే మూత బిగించిరనుకొందము. మిగిలిన నాలుగంకములును సీసాలోపలనే దిగును. అంకమునకు ఇంచుమించు అరరెట్టు చొప్పున మఱి రెండురెట్ల వాయువు చేరి, మొత్తము నాలుగున్నర యగును. సామాన్యపు బీరుసీసా మూడు మూడున్నరకు మించి నమ్మదగినది కాదు. పగిలిన సీసా తనతో పోదు. అరలోని పొరుగు సీసాలను పగులగొట్టును, ఆ క్షణమున అటు నడచిన బిడ్డ ముఖమునకు గాజుపెంకులను విసరును. ఆ నాలుగంకముల భేదమో, కంటికి కనబడదు, నాలుకకు నిశ్చయముగ తెలియదు.

తెలుపగలది హైడ్రోమీటరు. ఇది నిన్న మొన్న పుట్టిన సాధనము కాదు. అలెగ్జాండ్రియా విదుషీమణి హైపేషియాకు ఆమె శిష్యుడు సినీషియసు, అట్టిదాని నొకదానిని చేయించి పంపుమని వ్రాసిన లేఖ నేటికిని నిలిచియున్నది. బీరు కాచువారికి దాని ప్రయోజనమును విశదపఱచుచు జాన్ రిచర్డ్‌సను 1784లో గ్రంథము వ్రాసెను. వృత్తిగా కాచువారు రెండు శతాబ్దములకు మునుపే విడువసాగిన ఊహను, ఏ అనుభవమును లేని ఇంటివానికి నేడు ఉపదేశించుట నాకు దుస్సహము.

అయితే దానిని చదువుటకును కొంత ఓర్పు కావలెను. నమూనాను పొడవాటి గాజుజాడీలో పోసి హైడ్రోమీటరును విడిచినంతనే దాని ఒడలినిండ సన్నని బుడగలు అంటుకొని, దానిని పైకెత్తి, అంకమును ఉన్నదానికంటె హెచ్చుగ చూపును. కావున నమూనాను ముందుగ రెండు గ్లాసుల నడుమ పలుమాఱులు తిరుగబోసి వాయువును పోగొట్టి, సాధనమును వ్రేళ్ళతో గిఱ్ఱున త్రిప్పి విడిచి, కంటిని ద్రవమట్టమునకు దించి, కాడవెంట ప్రాకిన అంచును గాక దిగువ మట్టమును చదువవలెను; అది 15.6 డిగ్రీలకు సరిచేసినదో, 20కి సరిచేసినదో చూచుకొని వేడికి తగిన సవరణ చేయవలెను. ఈ అంకము ఒంటరిగ నేమియు చెప్పదు. మూడు దినముల పిదప మరల అదియే కనబడి, అది మొదటి అంకమునకు తగినదై యున్నపుడే, అనగా 1.050తో మొదలైన సామాన్యపు ఏల్ 1.010, 1.013ల నడుమ నిలిచినపుడే, పులియుట ముగిసినదనవచ్చును. 1.020 వద్ద నిలిచినచో ఈస్టు నిద్రించినదని శంకించి, పాత్రను 20, 21 డిగ్రీలకు వెచ్చజేసి, మెల్లగ ఆడించి, వేచియుండవలెను. గమ్యమును ముందే తెలిసికొనగోరువాడు మొదటి దినముననే కొంత కషాయమును వేఱుచేసి, దానిలో ఈస్టును దండిగ వేసి, వెచ్చని చోట నుంచి తఱచు కలియబెట్టుచుండినచో, అది దిగగల కడపటి అంకము కొలది దినములలోనే తేలిపోవును. ఇంత సులభమైన పరీక్షను కొత్తవారికి ఎవరును చెప్పకుండుట నాకు విచారము గొల్పుచున్నది.

మడ్డిమీద నిలువయుంచిన బీరు చెడునని మఱికొందరు తొందరపెట్టుదురు. ఎత్తైన ట్యాంకుల యడుగున, పైనున్న ద్రవభారముచేతను వేడిచేతను ఈస్టు నలుగు కర్మాగారములందు ఆ భయము సహేతుకము. 19 లీటర్ల బకెట్టులో ఆరోగ్యవంతమైన ఈస్టుపై బీరు మూడు నాలుగు వారములున్నను హాని లేదు. పైగా మేలే కలదు: వెన్నవాసన గొట్టు డయాసిటైలును, పచ్చి ఆపిలు వాసన గొట్టు ఎసిటాల్డిహైడును ఈస్టు ఆ కడపటి దినములలోనే తిరిగి గ్రహించి శుద్ధిచేయును. నమూనాలకు బీరు వృథాయగుననువారికి జవాబు సులువు. పాత్రలో తిరిగి పోయక రుచిచూడవలెను, ఆ వాసనలు పోయినవో లేవో దానివలననే తెలియును. మొదటి బీరునకే ఇంత శ్రమయేల యనువారికి, మొదటిది గనుకనే యని నా సమాధానము. పలుమాఱులు కాచినవానికి ఆ ఈస్టు నడవడి జ్ఞాపకమున నుండును, కొత్తవానికి అంకము తప్ప వేఱు ఆధారము లేదు.

ఒక్క చోట మూడు దినముల నియమమును చాలదు. సెజాను బీరులకు వాడు ఈస్టులలో కొన్ని, డయాస్టాటికస్ అను రకమునకు చెందినవి, ఇతర ఈస్టులు తాకని డెక్స్ట్రిన్లను సైతము ఛేదించు ఎంజైమును విడిచి, నిలిచినట్లు తోచిన అంకమును వారముల తరబడి మెల్లగ దించుచునే యుండును. అట్టి ఈస్టును వాడినవాడు అంకములను వారముల యెడమున పోల్చి చూడవలెను, దళసరి షాంపేను సీసాలనే వాడవలెను. మొదటి బీరు కాచువాడైనచో ఆ పొట్లమును దుకాణముననే విడిచి, గుణములు తెలిసిన సామాన్యపు ఏల్ ఈస్టును, దానితోపాటు ఒక హైడ్రోమీటరును కొని తెచ్చుకొనవలెను.