కంప్యూటర్ పెట్టె - మీ మెడనొప్పి

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే గుమాస్తాలు, డి.టి.పి. పనివారు మెడ పట్టుకుని ఆస్పత్రికి వస్తున్నారు. "ఎముకలు అరిగిపోయాయా డాక్టరుగారూ?" అని భయపడుతూ అడుగుతారు. చాలామందిలో నొప్పి ఎముకలది కాదు, కండరాలది. మనిషి తల బరువు నాలుగున్నర నుంచి అయిదు కిలోలు వుంటుంది. అది నిటారుగా వున్నంతసేపూ మెడకు శ్రమ తక్కువ. ముందుకు వంగినా, వెనక్కి వాలినా ఆ బరువంతా మెడ కండరాలే మోయాలి. తలను వంచేది తెర ఎత్తు. ఆ ఎత్తు చాలాచోట్ల కంప్యూటర్ పెట్టె ఆకారాన్ని బట్టి వుంటుంది.

పడుకోబెట్టిన పెట్టె: 1981లో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చిన పి.సి. ఈ రకమే. సుమారు 14 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టెమీద తెర పెట్టేవారు. అప్పటి తెరలు చిన్నవి కనుక అది సరిపోయేది. ఇప్పటి 24 అంగుళాల తెర తానే దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తు వుంటుంది. దాని స్టాండు ఎత్తు అదనం. అలాంటి తెరను పెట్టెమీద ఎక్కిస్తే గడ్డం పైకెత్తి చూడక తప్పదు.

రెండు చూపుల కళ్ళజోడు వాడేవారికి ఈ బాధ మరీ ఎక్కువ. దగ్గరచూపు అద్దం కిందిభాగంలో వుంటుంది కనుక వాళ్ళు తల ఇంకా వెనక్కి వాల్చాలి. నా దగ్గరికి వచ్చిన ఒక గుమాస్తా నెలల తరబడి నొప్పి మాత్రలు మింగుతున్నాడు. తెరను పెట్టెమీద నుంచి దించి బల్లమీద పెట్టమన్నాను. కొద్ది వారాల్లో మాత్రల అవసరం లేకపోయింది.

నిలబెట్టిన పెట్టె: దీన్ని టవర్ అంటారు. 1987లో ఐ.బి.ఎం. పి.ఎస్.2 వరుసలో నేలమీద నిలబెట్టే నమూనా వచ్చింది. టవర్‌ను సరిగ్గా మోకాళ్ళ ఎదుట పెడితే కాళ్ళు పక్కకు తిప్పి కూర్చుంటారు. నడుంనొప్పికి అది దారి. టవర్‌ను ఒక పక్కకు జరపండి. గాలి ఆడేట్టు గోడకు కొంచెం ఎడంగా, తడిగుడ్డ తగలకుండా చిన్న పీటమీద పెట్టండి.

తెరా పెట్టే ఒకటే అయినవి: 1998లో ఆపిల్ కంపెనీ తెచ్చిన ఐమాక్ ఇలాంటిది. ఈ రకంలో చాలావాటికి ఎత్తు మార్చే వీలుండదు. కొనేముందు ఆ సంగతి తప్పక అడగండి.

బుల్లి పెట్టె: 2005లో వచ్చిన మాక్ మినీ ఈ కోవలోది. ఇటువంటివాటిలో కొన్నింటిని తెర వెనుకనే బిగించవచ్చు. బల్లమీదా, బల్లకిందా చోటు మిగులుతుంది.

పెట్టె ఏదైనా ఈ కొలతలు పాటించండి. తెర పై అంచు కంటి ఎత్తున గాని, కాస్త కిందగా గాని వుండాలి. తెర చేతి పొడవంత దూరంలో వుండాలి. మోచేతులు శరీరానికి దగ్గరగా, సుమారు లంబకోణంలో వుండాలి. పాదాలు నేలకు ఆనాలి. ఆనకపోతే పీట వేసుకోండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. తెరను తదేకంగా చూస్తే రెప్పపాటు తగ్గి కళ్ళు మండుతాయి. మధ్యమధ్య దూరంగా చూడండి.

నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా రోజూ వాడకండి. కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. చేతిలో తిమ్మిరి లేక బలహీనత, నడకలో తూలు, మూత్రం పట్టు తప్పడం, మెడనొప్పితో జ్వరం వుంటే అది కుర్చీ, బల్లల వల్ల వచ్చిన నొప్పి అనుకోకండి. వెంటనే వైద్యునికి చూపించండి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి మెడకో ఎడమచేతికో పాకితే అది గుండెపోటు కావచ్చు. క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్ళండి.

ఇవేవీ లేని మామూలు మెడనొప్పి అయితే, మందుల షాపుకు వెళ్ళేముందు మీ తెర ఎంత ఎత్తున వుందో చూసుకోండి. దాన్ని సరిచేయడానికి కానీ ఖర్చు వుండదు.