ఆడవాళ్ల కడుపునొప్పి కూడా రైతు సమస్యే

ప్రతి నెలా ఈ పేజీలో గిట్టుబాటు ధర గురించో, కౌలు కార్డుల గురించో, పంట నష్టపరిహారం గురించో రాసుకుంటాం. ఈసారి ఆడవాళ్ల కడుపునొప్పి గురించి రాస్తున్నాను. రైతు సంఘం పత్రికలో ఇదేమిటని కొందరు అనుకోవచ్చు. బురదలో వంగి నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎవరు? ఆ వంగిన నడుముకు నొప్పి వస్తే అది వ్యవసాయ సమస్య కాదా?

పోయిన నాట్లప్పుడు మా ముఠాలో ఒక చెల్లెలు గట్టు మీద కూలబడిపోయింది. ఇంకా ముప్ఫై దాటలేదు. నాలుగు నెలలుగా పొత్తికడుపులో ఒక పక్క పోటు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని సూది వేశాడు. ఇంకోచోట నొప్పి బిళ్లలిచ్చి, ఏమీ లేదు పొమ్మన్నారు. చివరికి టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ తీసి, అండాశయంలో నీటి బుడగ ఉంది, గర్భసంచి తీసేయాలి, లేకపోతే క్యాన్సర్ అవుతుంది అన్నారు. నిన్నటిదాకా ఏమీ కాదన్న నొప్పికి ఇవాళ ఏకంగా గర్భసంచే తీసేయాలన్నారు. ఆమె చెప్పింది ముందూ వినలేదు, తర్వాతా వినలేదు.

ఈ మాట నాకు కొత్త కాదు. నాకు 33 ఏళ్లప్పుడు ఇదే చెప్పారు. అడగడం తెలియక, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించుకున్నాను. నెల తిరగకముందే ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేదు. తర్వాత ఎముకల నొప్పులు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారని, ఏళ్ల తర్వాత ఇంకో డాక్టరమ్మ పాత కాగితాలు చదివి చెబితేగాని నాకు తెలియలేదు.

ఇది ఒకరిద్దరి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా చెరకు కూలీల సంగతి 2019లో దేశమంతా విన్నది. పని పోతుందనే భయంతో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు అక్కడ వేలల్లో బయటపడ్డారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసర ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

నెలసరి వచ్చే వయసులో అండాశయంలో నీటి బుడగలు రావడం సాధారణం. ఎక్కువ భాగం రెండు మూడు నెలసరులు తిరిగేలోపు వాటంతటవే కరిగిపోతాయి. అందుకే కొన్ని వారాలాగి మళ్లీ స్కానింగ్ తీస్తారు. పెద్దదైనా, పెరుగుతున్నా, పాత రక్తం నిండిన రకమైనా వైద్యం కావాలి. అప్పుడు కూడా చాలాసార్లు బుడగను మాత్రమే తీసి అండాశయాన్ని నిలపవచ్చు. బుడగ అండాశయంలో ఉంటే గర్భసంచి తీయడం దానికి వైద్యం కాదు.

అలాగని ఆపరేషన్లన్నీ మోసం కాదు. ముట్లుడిగిన తర్వాత బుడగ కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఉన్నట్టుండి ఒక పక్క భరించలేని పోటు, వాంతులు వస్తే అండాశయం మెలితిరిగి ఉండవచ్చు. తెల్లారనిద్దాం అనుకోకుండా రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

డాక్టరు వినాలంటే మనం చెప్పే తీరు కూడా మారాలి. "కడుపునొప్పి" అని ఒక్క మాట అంటే గ్యాస్ బిళ్లే వస్తుంది. గోడ మీది క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజు, నెలసరి వచ్చిన రోజు గుర్తు పెట్టండి. ఏ పక్క, ఎంతసేపు, ఎన్ని కూలి దినాలు పోయాయి, అన్నీ చెప్పండి. ఆపరేషన్ అంటే మూడు ప్రశ్నలు అడగండి: బుడగ ఎంత సైజు ఉంది? కొన్నాళ్లు ఆగి మళ్లీ చూస్తే ఏమవుతుంది? ఏమేం తీస్తారు, ఏది ఉంచుతారు? రిపోర్టులు తీసుకోవడం, ఇంకో డాక్టరును అడగడం, మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు పక్కన ఇంకో ఆడమనిషి ఉండటం మన హక్కులని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది.

మా చెల్లెలితో ఇద్దరం ఆ రిపోర్టు పట్టుకుని ఏరియా ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ క్యాలెండర్ చూసింది, మందులు రాసింది, రెండు నెలల తర్వాత మళ్లీ స్కానింగ్ తీసింది. బుడగ సగానికి తగ్గింది. నొప్పి ఇంకా పూర్తిగా పోలేదు, వైద్యం నడుస్తోంది. కానీ అప్పు కాలేదు, గర్భసంచి పోలేదు.

మగ సోదరులకు ఒక మాట. ఎద్దు మేత మానేస్తే ఆ పూటే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. ఇంటి ఆడమనిషి నాలుగు నెలలు నొప్పి అంటే ఎందుకు ఆగుతున్నాం?

ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఆడవాళ్ల డాక్టరు, స్కానింగ్ ఉండాలని, కేంద్రం చెప్పిన పర్యవేక్షణ కమిటీలు జిల్లాల్లో నిజంగా పనిచేయాలని మన సంఘం అడగాలి. గ్రామ కమిటీలు ఒక్కో ఊళ్లో ఇద్దరు మహిళలను ఎంచుకోవాలి. ఆసుపత్రికి ఏ చెల్లెలూ ఒంటరిగా వెళ్లకుండా వాళ్లు తోడు వెళ్లాలి. వచ్చే సమావేశంలో ఈ విషయాన్ని ఎరువుల కొరత పక్కనే అజెండాలో పెడదాం.